చెవికి చిక్కిన హంతకుడు



ఒక మహానగరం ఒక్క మనిషి కోసం వెతుకుతోంది. పోలీసులకు కంటి మీద కునుకు లేదు. ఆచూకీ చెప్పినవాళ్లకు పదివేల మార్కుల బహుమానమని ఎక్కడ చూసినా పోస్టర్లు. దొంగలు వెతుకుతున్నారు, బిచ్చగాళ్లు వెతుకుతున్నారు. ఇన్ని వేల కళ్లకు దొరకని ఆ మనిషిని చివరికి పట్టించింది చూపు లేని ఒక ముసలాయన. వీధుల్లో బెలూన్లు అమ్ముకునే ఆయన చెవిన ఓ సాయంత్రం ఒక ఈల పడింది. ఆ ఈలను ఆయన అంతకు ముందోసారి విన్నాడు. ఎల్జీ అనే చిన్నపిల్ల హత్యకు గురైన రోజున, ఆ పిల్లకు బెలూన్ కొనిపెట్టిన మనిషి నోట విన్నాడు.

ఈ కథ 1931 మే 11న బెర్లిన్‌లో మొదటిసారి తెర మీదికి వచ్చింది. సినిమా పేరు ‘ఎమ్’. హంతకుడు అనే జర్మన్ మాటకు అది మొదటి అక్షరం, అంతే. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. వియన్నాలో పుట్టి, బెర్లిన్‌లో పేరు తెచ్చుకుని, 1927లో ‘మెట్రోపోలిస్’ లాంటి బ్రహ్మాండమైన మూకీ తీసిన మనిషి. ‘ఎమ్’ ఆయన మొదటి టాకీ. కథ, మాటలు ఆయనా ఆయన భార్య థేయా ఫొన్ హార్బౌ కలిసి రాసుకున్నారు. తొంభై ఏళ్లు దాటినా ఈ సినిమా గురించి రేడియోలో మాట్లాడాలని నాకు ఎందుకనిపించిందంటే, ఇది కళ్లకన్నా ముందు చెవులను నమ్ముకున్న సినిమా. వినడం అంటే ఏమిటో, ఎవరి మాట ఎవరు వినాలో, ఆ ప్రశ్న చుట్టూనే ఇది మొదటి నుంచి చివరిదాకా తిరుగుతుంది.

ఆ రోజుల్లో టాకీ పరిస్థితి కాస్త గుర్తు చేసుకుందాం. 1927 అక్టోబరులో అమెరికాలో ‘ద జాజ్ సింగర్’ వచ్చాక సినిమా రంగం తలకిందులైపోయింది. మూకీల చివరి రోజుల్లో గాలిలో తేలినట్టు తిరిగిన కెమెరాను, దాని మోటారు చప్పుడు మైకులో పడకూడదని, అద్దం బిగించిన చిన్న గదిలో బంధించారు. మైకు ఎక్కడ దాచారో అక్కడికే నటీనటులు వచ్చి నిలబడి మాట్లాడాలి. తెర మీద నోరు కదిలితే మాట వినబడాలి, తలుపు మూస్తే చప్పుడు వినబడాలి. చూపించేదే వినిపించడం, వినిపించేదే చూపించడం. జనానికి అదే వింత కాబట్టి అదే చాలనుకున్నారు.

మన దేశంలో ‘ఆలం ఆరా’ విడుదలైంది కూడా అదే ఏడాది, ‘ఎమ్’ కన్నా రెండు నెలల ముందే, మార్చి 14న బొంబాయిలో. ఆ మరుసటి సంవత్సరం హెచ్.ఎం. రెడ్డి గారి ‘భక్త ప్రహ్లాద’ తెలుగు వాళ్లకు తొలి టాకీ అయింది. అది సురభి వారి నాటకాన్ని ఆధారం చేసుకున్నది. అదే ఏడాది హిందీలో వచ్చిన ‘ఇంద్రసభ’లో డెబ్భై దాకా పాటలున్నాయి. మనకు టాకీ అంటే పాట, పద్యం. నాటకరంగం ఇచ్చిన ఆస్తి అది, అందులో తప్పేమీ లేదు. లాంగ్ సరిగ్గా దానికి ఎదురుదిక్కున నడిచాడు. ‘ఎమ్’లో నేపథ్య సంగీతం అసలు లేదు. పైగా కొన్ని చోట్ల తెర మీద మనుషులు కదులుతున్నా ఏ చప్పుడూ ఉండదు. కాసేపు పూర్తి నిశ్శబ్దం, అందులోంచి హఠాత్తుగా పోలీసు ఈల. ఆ ఈలకు మన గుండె జారడానికి కారణం దాని ముందున్న ఆ నిశ్శబ్దమే.

మొదటి పది నిమిషాలను కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నాకు తెలిసినంతలో శబ్దంతో ఇంత భయపెట్టిన ఆరంభం ఆ కాలంలో ఇంకొకటి లేదు.

సినిమా మొదలయ్యేది చిన్నపిల్ల గొంతుతో. పేదల ఇళ్ల మధ్య ఉన్న వాకిట్లో పిల్లలు గుండ్రంగా నిలబడ్డారు. మన పిల్లలు ఆటకు ముందు పంటలు వేసుకుంటారే, అచ్చం అలాగే ఒక పిల్ల మధ్యలో నిలబడి ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పాట పాడుతుంది. పాట ఆగినచోట ఉన్న పిల్ల ఆటలోంచి పోవాలి. ఆ పాట పిల్లల్ని చంపేవాడి గురించే. పై అంతస్తులో బట్టలు మోసుకెళుతున్న ఒకామె కోప్పడుతుంది, ఆ పాట పాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలని. ఆమె లోపలికి వెళ్లగానే పాట మళ్లీ మొదలు. ఎల్జీ తల్లి, బట్టలు ఉతుకుతున్న ఇంకో ఇల్లాలు, దానికి ఒక మాట అంటుంది: పాడనీ, పాట వినబడుతున్నంతసేపూ వాళ్లు ఉన్నారనైనా తెలుస్తుంది కదా అని. ఆ ఒక్క మాటలో సినిమా మొత్తానికి తాళంచెవి ఉంది. వినబడితే ఉన్నట్టు, వినబడకపోతే లేనట్టు.

గోడ గడియారం మధ్యాహ్నం పన్నెండు కొట్టింది. బడి వదిలారు. తల్లి పళ్లెం పెట్టింది. అటు వీధిలో ఎల్జీ బంతి ఎగరేసుకుంటూ వస్తూ ఒక స్తంభం మీదికి విసురుతుంది. దాని మీద అతికించి ఉన్నది ఆ బహుమానం పోస్టరే. ఆ పోస్టరు మీద ఒక మనిషి నీడ పడుతుంది. నీ బంతి ఎంత బాగుందో అంటుంది ఒక మెత్తని గొంతు. మనకు ముఖం చూపించరు. హంతకుడు మనకు మొదట నీడగా, గొంతుగా మాత్రమే పరిచయమవుతాడు. తర్వాత ఒక వీపు, ఒక ఈల, బెలూన్ల ముసలాయన.

ఇంటి దగ్గర తల్లి ఎదురుచూస్తోంది. మెట్ల మీద అడుగుల చప్పుడైతే ఎల్జీ అనుకుంటుంది, కాదు, వేరే పిల్లలు. తలుపు తట్టితే ఎల్జీ అనుకుంటుంది, కాదు, ధారావాహిక కొత్త భాగం తెచ్చిన అమ్మకందారు. కిటికీ తెరిచి పేరు పెట్టి పిలుస్తుంది. ఇక అప్పుడు లాంగ్ ఆ తల్లిని చూపించడు. ఆమె పిలుపు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. తెర మీద ఖాళీ మెట్లు, దండెం మీద బట్టలు ఆరేసిన నిర్మానుష్యమైన అటక, ఎవరూ ముట్టని పళ్లెం. పిలుపు వెళ్లిన చోటల్లా పిల్ల లేదు. గడ్డిలోకి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది. బెలూన్ కరెంటు తీగల్లో చిక్కుకుని, విడిపడి, ఎగిరిపోతుంది. హత్యను చూపించలేదు, అరుపు వినిపించలేదు. ఒక తల్లి పిలుపుకు బదులు రాకపోవడంతో అంతా చెప్పేశాడు.

ఇప్పుడు ఆ ఈల సంగతి. నార్వే సంగీతకారుడు ఎడ్వర్డ్ గ్రీగ్ ‘పీర్ గింట్’ నాటకం కోసం కట్టిన వరుసల్లో ఒకటి అది. కొండరాజు కొలువు అనే ఘట్టంలోది. మెల్లగా మొదలై క్రమంగా వేగం పుంజుకునే వరుస. హంతకుడు బెకెర్ట్‌గా నటించిన పీటర్ లోరీకి ఈల వేయడం రాదు. అందుకని ఆ ఈల తానే వేశానని లాంగ్ తర్వాతి కాలంలో చెప్పాడు. శ్రుతి కాస్త తప్పుతుంది, అదీ ఆ పాత్రకు కలిసొచ్చిందని ఆయన ఉద్దేశం. ఈలపాట అనగానే మన చెవుల్లో రఘురామయ్య గారు మెదులుతారు. కృష్ణుడి వేషంలో వేణువును మరిపించే ఈల అది, జనం మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నది. లాంగ్ చేతిలో అదే ఈల ప్రేక్షకుణ్ణి కుర్చీలో బిగుసుకుపోయేలా చేస్తుంది. ఒక దృశ్యంలో బెకెర్ట్ దుకాణం అద్దం ముందు నిలబడి ఉంటాడు. లోపల కత్తులు వరుసగా పేర్చి ఉన్నాయి. ఆ అద్దంలో ఒక చిన్నపిల్ల ప్రతిబింబం. ముఖం మారిపోతుంది, ఆ తర్వాత మనకు వినబడేది ఈలే. ఒక పాత్ర రాగానే ఒక వరుస వినిపించడం ఒపెరాలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని టాకీలో, అదీ వాద్యబృందం లేకుండా, పాత్ర పెదవుల మీదనే పెట్టి కథకు ఇరుసుగా చేసిన వాళ్లలో లాంగ్ ముందువరసలో ఉంటాడు.

శబ్దంతో ఆయన చేసిన ఇంకో పని గురించి క్లుప్తంగా చెబుతాను. పోలీసు కమిషనర్ ఫోన్లో మంత్రికి సంజాయిషీ ఇస్తుంటాడు. ఆయన గొంతు సాగుతుండగా తెర మీద పొదలు గాలించే కానిస్టేబుళ్లు, పెద్దది చేసిన వేలిముద్ర, పటం మీద గీసిన వలయాలు వరసగా కనిపిస్తాయి. మరోచోట పోలీసుల సమావేశం, నేరగాళ్ల సమావేశం పక్కపక్కనే నడుస్తాయి. నేరగాళ్ల నాయకుడు ష్రెంకర్ చెయ్యి ఎత్తి మొదలుపెట్టిన వాక్యాన్ని అవతలి గదిలో పోలీసు అధికారి అదే చేతి కదలికతో పూర్తి చేస్తాడు. రెండు గదుల్లోనూ అదే సిగరెట్ పొగ, అదే విసుగు. నేటి సినిమాల్లో ఇలాంటిది నిత్యం చూస్తాం కాబట్టి మనకు పెద్దగా అనిపించదు. మైకు దగ్గరికొచ్చి నిలబడి మాట్లాడే కాలంలో ఇది చేశాడన్నది గుర్తుపెట్టుకుంటే ఆయన ధైర్యం అర్థమవుతుంది.

నేరగాళ్లకు ఈ హంతకుడితో ఏం పని? వాళ్ల బాధ వాళ్లది. రోజూ పోలీసు దాడులు, దొంగ వ్యాపారాలన్నీ మూతబడ్డాయి. వీణ్ణి పట్టిస్తే తప్ప తమకు బతుకు లేదు. ఇది ఊహ మాత్రమే కాదు. ఆనాటి బెర్లిన్‌లో నేరగాళ్లకు నిజంగానే సంఘాలుండేవి, వాటికి నియమాలు, సభ్యత్వాలు ఉండేవి. పోలీసు పక్షాన ఇన్‌స్పెక్టర్ లోమన్ పాత్రకు కూడా నమూనా ఉన్నాడు. అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లోని పోలీసు ప్రధాన కార్యాలయంలో హత్యల విభాగాన్ని నడిపిన ఎర్నెస్ట్ గెన్నాట్ అనే భారీకాయుడు. డ్యుసెల్‌డార్ఫ్ నగరాన్ని వణికించిన పీటర్ క్యుర్టెన్ హత్యల దర్యాప్తులో సాయానికి బెర్లిన్ నుంచి వెళ్లినవాడు ఆయనే.

క్యుర్టెన్ పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి. 1930 మేలో పట్టుబడ్డాడు. 1931 ఏప్రిల్‌లో మరణశిక్ష పడింది. జూలై 2న అమలైంది. అంటే ‘ఎమ్’ విడుదలైన రోజున క్యుర్టెన్ జైల్లో చావు కోసం ఎదురుచూస్తున్నాడు. థియేటర్లో కూర్చున్న ప్రతివాడి మనసులోనూ అతనున్నాడు. ఇది క్యుర్టెన్ కథ కాదని లాంగ్ పట్టుబట్టి చెప్పేవాడు. ఆ దశాబ్దంలో జర్మనీ చూసిన వరస హంతకుడు అతనొక్కడే కాదు, నిజమే. దానికి తోడు అది ఆర్థిక మాంద్యం రోజులు. 1931 మొదట్లో ఆ దేశంలో పని లేనివాళ్లు దాదాపు 50 లక్షల మంది. భయం, ఆకలి, కోపం ఒకచోట చేరిన సమాజం అది.

ఆ సమాజాన్ని లాంగ్ చూపించిన తీరు మనల్ని వదలదు. సారా దుకాణంలో ఒకే బల్ల దగ్గర కూర్చున్న పాత మిత్రులు నువ్వే హంతకుడివంటే నువ్వేనని కొట్టుకుంటారు. వీధిలో ఒక చిన్నపిల్ల టైమెంతని అడిగిందని జవాబు చెప్పిన పాపానికి ఒక ముసలాయన చుట్టూ జనం మూగుతారు. నీకు ఆ పిల్లతో ఏం పని అని ఒకడు కాలరు పట్టుకుంటాడు. కెమెరా ఒకసారి ముసలాయన కళ్లలోంచి పైకి, ఒకసారి ఆ బలిష్ఠుడి కళ్లలోంచి కిందికి చూస్తుంది. అమాయకుడు ఎంత చిన్నవాడైపోయాడో ఆ కోణమే చెబుతుంది.

తెలుగువాళ్లుగా ఈ దృశ్యాన్ని మనం ఊరికే చూసి ఊరుకోలేం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఊళ్లకు కొత్తగా వచ్చినవాళ్ల మీద, భిక్షాటన చేసుకునేవాళ్ల మీద, మతిస్థిమితం లేనివాళ్ల మీద జనం విరుచుకుపడ్డారు. ప్రాణాలు పోయాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు తన సిబ్బందిని ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ వార్తలు అబద్ధమని చెప్పించారు. పుకారుకు విరుగుడుగా పాటను పంపడం నాకు ఎంతో నచ్చింది. జనం చెవిలో పడిన విషాన్ని చెవి ద్వారానే దించాలని ఆమెకు తెలుసు. లాంగ్ సినిమాలో అలాంటి మనిషి ఒక్కరూ లేరు. అక్కడ పత్రికల ప్రత్యేక సంచికల కేకలే వీధులు నింపుతాయి.

సరే, కథలోకి వద్దాం. ష్రెంకర్ పథకం బిచ్చగాళ్లది. ఏ మూల నిలబడ్డా ఎవరూ పట్టించుకోనివాళ్లు వాళ్లే కాబట్టి నగరాన్ని వాటాలు వేసి ఒక్కొక్క వీధి ఒక్కొక్కరికి అప్పగిస్తారు. అలా మన బెలూన్ల ముసలాయన చెవిన ఆ ఈల పడుతుంది. వెంటనే పక్కనున్న కుర్రాణ్ణి పిలిచి చెబుతాడు. కుర్రాడు వెంటపడతాడు. బెకెర్ట్ పక్కన అప్పటికే ఇంకో పిల్ల ఉంది. కుర్రాడు సుద్దముక్కతో తన అరచేతిలో ఎమ్ అని రాసుకుని, తూలి పడబోయినట్టు నటించి బెకెర్ట్ భుజం మీద చరుస్తాడు. నల్లకోటు మీద తెల్లటి అక్షరం అచ్చుపడింది. సినిమా చూసినవాళ్లెవరూ ఆ గుర్తును మరిచిపోలేరు. దాన్ని ముందుగా చూసి, అంకుల్, మీ భుజానికి ఏదో అంటిందని చెప్పేది ఆ చిన్నపిల్లే. తుడుస్తానని కూడా అంటుంది. తనను చంపబోయేవాడి కోటు శుభ్రం చేయడానికి సిద్ధపడిన ఆ పసిదాని మంచితనం చూస్తే కడుపులో తిప్పుతుంది.

తరుముతుంటే బెకెర్ట్ ఒక పెద్ద ఆఫీసు భవనంలో దూరి అటక మీద దాక్కుంటాడు. సాయంత్రమై తాళాలు పడ్డాయి. తాళం తెరుచుకునే ప్రయత్నంలో ఇనుము మీద చేసిన చప్పుడే అతని ఉనికిని దొంగలకు చెబుతుంది. ఈలతో గుర్తుపట్టారు, చప్పుడుతో పట్టుకున్నారు.

ఇక ఆఖరి ఘట్టం. మూతబడ్డ సారా ఫ్యాక్టరీ నేలమాళిగ. బెకెర్ట్‌ను ఈడ్చుకొచ్చి పడేస్తారు. ఎదురుగా మెట్టు మీద మెట్టు, వరస మీద వరస, కదలకుండా కూర్చున్న నేరగాళ్లు, బిచ్చగాళ్లు, వేశ్యలు. కెమెరా మెల్లగా ఆ ముఖాల మీదుగా కదులుతుంది. ఎవరూ మాట్లాడరు. ముసలాయన చెయ్యి వచ్చి భుజం మీద పడుతుంది. చేతిలో బెలూన్.

ఇది కోర్టని వాళ్లే అంటారు. అతని తరఫున ఒక వకీలును కూడా వాళ్లే పెడతారు. కానీ తీర్పు ముందే రాసిపెట్టుకున్నారు. పోలీసులకు అప్పగిస్తే మతి లేదని పిచ్చాసుపత్రికి పంపుతారు, అక్కడినుంచి తప్పించుకుంటాడు, మళ్లీ పిల్లల్ని చంపుతాడు, కాబట్టి ఇక్కడే అంతం చేయాలి అని ష్రెంకర్ వాదన. వినడానికి ఎంత సబబుగా ఉంటుందో! మన టీ దుకాణాల్లో, ఫోన్లలో, ఘోరం జరిగిన ప్రతిసారీ వినే వాదన ఇదే.

అంతవరకూ నోరు పెద్దగా విప్పని పీటర్ లోరీ అప్పుడు మాట్లాడతాడు. అప్పటి హంగరీలో యూదు కుటుంబంలో పుట్టి, బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకాల్లో రాటుదేలిన నటుడు. గుండ్రటి ముఖం, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు, ఇరవయ్యారేళ్లు. మోకాళ్ల మీద పడి, గోళ్లతో గాలిని గీరుతూ అరుస్తాడు. మీరు దొంగతనం కావాలని చేస్తున్నారు, మానుకోవాలంటే మానుకోగలరు, నాకు ఆ వీలు ఉందా అని అడుగుతాడు. తనే తన వెంట పడుతున్నాడట. వీధుల్లో నడుస్తుంటే వెనక చనిపోయిన పిల్లలు, వాళ్ల తల్లులు వస్తున్నారట. ఆ పని చేసిన క్షణంలో తప్ప వాళ్లు వదలరట. ఆ తర్వాత ఏం చేశాడో గుర్తుండదు, పోస్టర్ల మీద చదువుకుంటాడట. లాంగ్ ఇక్కడ శ్రోతల ముఖాలు చూపిస్తాడు. కొందరు తమకు తెలియకుండానే తల ఊపుతారు. ఆ కాస్త తల ఊపడం కోసమే రెండు గంటలూ ఆయన మన చెవులను తయారు చేశాడని నాకు అనిపిస్తుంది.

అతని మీద జాలి పడమని సినిమా అడగదు. ఎల్జీ పళ్లెం మన కళ్ల ముందే ఉంది. గుంపులోంచి ఒక స్త్రీ లేచి, తల్లులను అడగండి, వాళ్లేమంటారో అడగండి అని అరిచినప్పుడు ఆమె మాటలో అబద్ధం లేదు. వకీలుగా నిలబడ్డ మనిషి మాత్రం బెదిరింపుల మధ్య ఒక్క మాట మీదే నిలబడతాడు: తను చేసేదాని మీద అదుపు లేనివాణ్ణి చంపే హక్కు ఎవరికీ లేదు, చట్టానికి అప్పగించండి. పైగా ఈ కోర్టుకు అధ్యక్షుడైన ష్రెంకరే మూడు హత్యలకు పోలీసులు వెతుకుతున్న మనిషని ముఖం మీదే అంటాడు. జనం నవ్వుతారు. నా దృష్టిలో ఈ సినిమాలో వీరుడంటూ ఉంటే ఆయనే. హంతకుణ్ణి ప్రేమించినందుకు కాదు, ఎవరూ వినదలుచుకోనప్పుడు వినాలని పట్టుబట్టినందుకు.

గుంపు మీదపడే క్షణంలో పోలీసులు వస్తారు. అసలు న్యాయస్థానంలో న్యాయమూర్తులు ఆసీనులవుతారు, తీర్పు మొదలవుతుంది. ఆ తీర్పేమిటో మాత్రం మనకు వినిపించరు. నల్లబట్టల్లో ముగ్గురు తల్లులు కనిపిస్తారు, ఏ తీర్పూ తమ బిడ్డల్ని వెనక్కి తేలేదంటారు. ఇన్ని శబ్దాలను ఇంత జాగ్రత్తగా వినిపించిన దర్శకుడు ఆ ఒక్క మాటను మనకు ఇవ్వలేదు.

ఆ ఖాళీని ఎవరికి తోచినట్టు వాళ్లు నింపుకున్నారు. విడుదలైన కొద్ది రోజులకే సినిమా చూసిన నాజీ నాయకుడు గోబెల్స్, ఇది మరణశిక్షను సమర్థిస్తోందని మెచ్చుకుంటూ డైరీలో రాసుకున్నాడు. లాంగ్ మరణశిక్షకు వ్యతిరేకి. 1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. లోరీ దేశం విడిచాడు, ఆ ఏడాదే లాంగ్ కూడా పారిస్ చేరి, అక్కడినుంచి అమెరికా వెళ్లాడు. హార్బౌ అప్పటికే ఆయన నుంచి విడిపోయి జర్మనీలోనే ఉండిపోయింది, నాజీ పార్టీలో చేరింది. ష్రెంకర్‌గా నటించిన గుస్టాఫ్ గ్రుండ్‌గెన్స్ కొత్త ప్రభువుల కింద పెద్ద నాటకశాలకు అధిపతి అయ్యాడు. 1934లో ‘ఎమ్’ను నిషేధించారు.

అంతటితో వదల్లేదు. 1940లో యూదుల మీద విషం చిమ్ముతూ తీసిన ఒక ప్రచార చిత్రంలో, లోరీ మోకాళ్ల మీద అరిచిన ఆ దృశ్యంలోంచి ఒక ముక్క కత్తిరించి పెట్టారు. నటుడు యూదుడు కాబట్టి, హంతకుడి వేషం వేసి జాలి పుట్టించాడు కాబట్టి, ఈ జాతి స్వభావమే ఇంతని వ్యాఖ్యాత చెబుతాడు. ఎల్జీ లేదు, ఆ తల్లి పిలుపు లేదు, వకీలు మాట లేదు. అరుపు ఒక్కటే మిగిల్చి, దాని మీద తమ గొంతు అతికించారు. నాజీలు ‘ఎమ్’కు చేసిన అన్యాయాల్లో నిషేధం కన్నా ఇదే నీచమైనదని నా నమ్మకం.

ఆ పాటికి లోరీ హాలీవుడ్‌లో ఉన్నాడు. ‘ద మాల్టీస్ ఫాల్కన్’, ‘కాసాబ్లాంకా’ చూసినవాళ్లకు ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. యుద్ధం ముగిశాక ఆయన జర్మనీకి తిరిగివచ్చి, 1951లో ‘డేర్ ఫెర్లోరెనె’ అనే సినిమాకు తానే దర్శకత్వం వహించి తానే నటించాడు. నాజీల కాలంలో హత్య చేసి, శిక్ష పడకుండా బతికేసిన ఒక వైద్య పరిశోధకుడి కథ అది. జర్మన్ ప్రేక్షకులు దాన్ని ఆదరించలేదు. ఆయన అమెరికాకు వెళ్లిపోయాడు. ఇంకో సినిమాకు దర్శకత్వం వహించలేదు.